ఖాళీ గడిలో మహారాజు

వెలగలకోట మహారాజు మల్లభూపతికి కొత్త వస్తువు కంటపడితే చాలు, చేతులు ఊరుకోవు. అలాంటి రాజుగారి కోట బడికి విద్యాధికారి దండిభట్టు మార్కుల సాఫ్ట్‌వేర్ తెప్పించాడు. రాజుల కాలంలో సాఫ్ట్‌వేరేమిటని అడక్కండి. అన్ని ఏనుగుల్ని మేపే మహారాజు ఒక్క కంప్యూటరు కొనుక్కోలేడా?

దండిభట్టు నిండు కొలువులో తెర కట్టి మరీ చూపించాడు. ఈ పక్క పిల్లల పేర్లు, ఆ పైన పరీక్షలు. గడిలో మార్కు కొట్టడమే మన పని. కూడికలు, సగటు అదే చూసుకుంటుంది. బాగా చదివినవాణ్ణి పైకెక్కిస్తుంది, చదవనివాణ్ణి కిందికి దించుతుంది. అందరికన్నా ఆఖరివాడి పేరు ఎర్రగా మెరుస్తుంది.

ఆ ఎరుపు చూసి రాజు మురిసిపోయాడు.

"పిల్లలకేనా ఈ వేడుక? మా కొలువుకీ పెట్టు! నాలుగు పరీక్షలు. ఆఖరున నిలిచినవాడు కొలువు వదిలి పోవాలి. ఎవరికీ మినహాయింపు లేదు!"

సభలో పెద్దలంతా గుటకలు మింగారు. అందరికన్నా పెద్ద గుటక కూర్మన్నది.

కూర్మన్న ఉద్యోగం రాజుగారిని నవ్వించడం. చదువు అంతంత మాత్రం, లెక్కలతో అయితే చిన్నప్పటి నుంచీ మాటల్లేవు. ఈ కొలువు పోతే ఇంకో పని చేతకాదని అతనికి తెలుసు. అతని భార్య నీలమ్మకి ఇంకా బాగా తెలుసు. దండిభట్టుకేమో కూర్మన్నంటే గిట్టదు. తను గంటసేపు ప్రసంగిస్తే ఆవలించే సభ, కూర్మన్న ఊరికే దగ్గినా పడీపడీ నవ్వుతుంది మరి!

మొదటి పరీక్షలో కూర్మన్నకి నూటికి నలభై ఎనిమిది వచ్చాయి. అవి చూసి తనే హడలిపోయాడు, పక్కవాడి మార్కులు పొరపాటున పడ్డాయేమోనని.

రెండో పరీక్షకి ముందే కబురొచ్చింది. రాజుగారి అత్తగారు అలిగి తన కోటలో తలుపేసుకుని కూర్చుందట. "కూర్మన్నా, ఆవిణ్ణి నవ్వించడం నీ ఒక్కడి వల్లే అవుతుంది, పరుగెత్తు!" అన్నాడు రాజు. పరుగెత్తాడు. ఆవిడ నవ్వి తలుపు తీసేసరికి ఇక్కడ మిగతా మూడు పరీక్షలూ అయిపోయాయి.

తిరిగొచ్చి తెర చూస్తే తన పేరు ఎర్రగా మెరుస్తోంది.

"భట్టుగారూ, మూడు గడులు ఖాళీగా ఉంటే సగటు పన్నెండెలా అయిందండీ?"

"ఖాళీ గడి అంటే సున్నా అని సాఫ్ట్‌వేర్‌కి నేనే చెప్పాను."

"రాజుగారి పని మీదేగదండీ పోయింది! ఆ అత్తగారి ముందు మీ పరీక్షలేపాటి?"

"దానికి అత్తగారూ తెలియదు, మామగారూ తెలియదు. రాయనివాడికి సున్నా. ఎవరైనా సరే!"

"ఎవరైనానా?"

"ఎవరైనా!"

కూర్మన్న తల గోక్కుంటూ ఇంటికి పోయాడు.

"పన్నెండా?" అంది నీలమ్మ బుగ్గలు నొక్కుకుని.

"ఊరికే వచ్చాయనుకున్నావా? ఒక్క పరీక్షలో చెమటోడ్చి తెచ్చినవి నాలుగింటికీ పంచితే వచ్చాయి!"

మర్నాడు కొలువులో రాజు తెర చూసి నొచ్చుకున్నాడు. "పాపం, వీణ్ణి పంపింది నేనేగదయ్యా!"

"ఎవరికీ మినహాయింపు లేదని తమరే సెలవిచ్చారు ప్రభూ," అన్నాడు దండిభట్టు మీసం దువ్వుకుంటూ.

కూర్మన్న లేచి దణ్ణం పెట్టాడు. "పోతాను ప్రభూ. పన్నెండు నాకు తక్కువేం కాదు. మా అయ్యవారు చూసి ఉంటే వీధంతా బెల్లం పంచేవారు. కాని ఒక్కటే వెలితి. ఈ తెర మీద వంటశాల అధికారి పేరు కూడా ఉంది, కొలువుకే పెద్దయిన ప్రభువుల పేరు లేదు. అదొక్కటి కళ్ళారా చూసుకుని పోతాను."

రాజు ఉలిక్కిపడ్డాడు. "అవునేం! నా పేరేదోయ్ భట్టూ?"

"ఎంతమాట, ఇప్పుడే!" దండిభట్టు గబగబా రాజుగారి పేరు అన్నిటికన్నా పైన కొట్టి, వరసలు సర్దే మీట నొక్కాడు.

పేరు కదిలింది. సేనాపతిని దాటి కిందికి జారింది. మంత్రిని దాటింది. వంటశాల అధికారిని దాటింది. కూర్మన్నను కూడా దాటి, అట్టడుగున ఆగి, ఎర్రగా మెరిసింది.

మల్లభూపతి మహారాజు: సున్నా.

"ఏమిటయ్యా ఇది?" అన్నాడు రాజు.

"అది... తమరు పరీక్షలు రాయలేదు గనక... ఖాళీ గడి..."

"రాయకపోతే? నాకేమీ రానట్టేనా?"

కూర్మన్న రాజు దగ్గరగా వచ్చి ఓదార్పుగా అన్నాడు:

"బెంగపడకండి ప్రభూ, ఇద్దరం కలిసే పోదాం. మీ అత్తగారింట్లో నాకిప్పుడు బాగా చనువే!"

"అమ్మో, మా అత్తగారింటికా!" అని రాజు రెండు చెవులూ మూసుకుని, మరుక్షణం సింహాసనం కదిలేలా నవ్వాడు. సభ ఘొల్లుమంది. "ఖాళీని ఖాళీగానే వదిలెయ్యవయ్యా భట్టూ! మన బడిలో జ్వరమొచ్చి పరీక్ష తప్పిన పిల్లలకి కూడా!"

దండిభట్టు మీట నొక్కాడు. రాజుగారి సున్నా మాయమైంది. కూర్మన్న పన్నెండు నలభై ఎనిమిదైంది. అయినా పేరు ఎర్రగానే ఉంది! మిగతావాళ్ళందరికీ అరవైకి పైమాటే మరి.

కూర్మన్న తెరకేసి చూసి ఛాతీ విరిచాడు.

"ఈసారి సాఫ్ట్‌వేర్ తప్పేమీ లేదు ప్రభూ, ఇది పూర్తిగా నా స్వశక్తి!"

రాజు నవ్వలేక కడుపు పట్టుకున్నాడు. ఆఖరివాణ్ణి పంపేసే షరతు అక్కడికక్కడే కొట్టేసి, తన భుజం మీది జరీ శాలువా తీసి కూర్మన్నకి కప్పాడు.

"ఇక నుంచి నా పక్కనే కూర్చో. నేను సున్నాతో అట్టడుగున ఉన్నప్పుడు నాకు పై గడిలో ఉన్నవాడివి!"