కామేశం సార్ కోన్లు

“గురువుగారూ, నా టైము వారం వారం తగ్గుతోంది. కాగితం మీద చూస్తే నేను బాగానే తోలుతున్నాను. కానీ కారు నా చేతికి వచ్చినట్టు లేదు. ఎందుకంటారు?”

ఈ మాట అడిగినవారు కామేశం సార్. అడిగింది సూరన్న గారిని. సూరన్న గారికి ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే నోరు విప్పరు, చెయ్యి చాపుతారు. ఆ చేతిలో కారు తాళం పెట్టాలి. ఆ తర్వాత ఏం జరుగుతుందో అదే జవాబు. కొందరికి జవాబు అయిదు నిమిషాల్లో దొరుకుతుంది, కొందరికి ఆరు నెలలు పడుతుంది. ఆ ఆదివారం కూడా ఆయన మాట్లాడకుండా చెయ్యి చాపారు.

ముందు వీళ్ళెవరో చెప్పాలి. కామేశం సార్ మా ఊరి హైస్కూల్లో ముప్పై మూడేళ్ళు లెక్కలు చెప్పి, హెడ్మాస్టరుగా దిగిపోయిన మనిషి. అరవై ఒకటో ఏట ఆయనకి కారు పందేల మీద మనసు పడింది. సూరన్న గారు ఏడో తరగతితో చదువు ఆపేసి, బస్సు డ్రైవర్లకి స్టీరింగు పట్టుకోవడం నేర్పుతూ రిటైరైనవారు. అంత చదువున్న సార్ ఇంతే చదువున్న సూరన్న గారిని నోరారా “గురువుగారూ” అని పిలుస్తుంటే వినడానికి నాకెంత ముచ్చటగా ఉండేదో చెప్పలేను. నా సంగతంటారా, బస్టాండు పక్కన మోటార్లు రివైండింగు చేసే షాపు నాది. పేరు ఏదైనా ఊరంతా నన్ను సత్తిపండు అనే అంటారు. నేనూ సూరన్న గారి శిష్యుణ్ణే.

పందెమంటే మీరు సినిమాల్లో చూసే రకం కాదు. మా ఊరి అవతల మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ వెనక, ఒకప్పుడు చెరుకు బళ్ళు బారులు తీరిన సిమెంటు యార్డు ఉంది. ఆదివారం పొద్దున్నే అక్కడ ఎర్ర ప్లాస్టిక్ కోన్లు పెట్టి వంకర టింకర దారి గీస్తాం. ఒక్కొక్క కారే పోవాలి. ఎన్ని సెకన్లలో చుట్టి వచ్చిందో గడియారం చూస్తాం. కోను తగిలి పడిందా, ఒక్కో కోనుకి రెండు సెకన్లు కలుపుతాం. అంతే ఆట. అందులో దిగిన పదకొండు మందిలో నలభై దాటనివాడు లేడు, బీపీ బిళ్ళ వేసుకోనివాడూ లేడు. అయినా హెల్మెట్ పెట్టుకుని సీట్లో కూర్చుంటే ఒక్కొక్కడూ పెళ్ళికొడుకే.

అక్కడొక ఆచారం ఉంది, కథంతా దాని మీదే నడిచింది. తన వంతు కానివాడు ఊరికే కూర్చోకూడదు. దారి పొడుగునా నాలుగు పోస్టులు. ఒక్కో పోస్టులో ఒకడు ఎర్ర జెండా, వాకీటాకీ పట్టుకుని నిలబడతాడు. తన ముందు కోను పడితే జెండా ఎత్తాలి, ఎన్ని పడ్డాయో వాకీటాకీలో చెప్పాలి, పడినదాన్ని మళ్ళీ నిలబెట్టాలి. పడకపోతే “క్లీన్” అనాలి. టెంటు కింద కూర్చుని బ్యాంకులో పనిచేసే రజియా మేడం అవన్నీ రాసుకుంటుంది. తోలేవాడి పరువు నిలబడి చూసేవాడి నోట్లో ఉంటుందన్నమాట.

ఆ ఆదివారం మామూలు ఆదివారం కాదు. కోయంబత్తూరులో అరవై దాటినవాళ్ళకి విడిగా పోటీ పెడుతున్నారు. అరవై అయిదు సెకన్లలోపు టైము ఉన్నవాళ్ళనే పిలుస్తారు. దరఖాస్తు ఆ సాయంత్రమే పంపాలి. కాగితం మీద కామేశం సార్ అన్నిటికన్నా మంచి టైము యాభై తొమ్మిది. అప్పటికే బస్టాండు సెంటర్లో ఆయన పాత విద్యార్థులం పెద్ద ఫ్లెక్సీ కట్టించాం. “మా లెక్కల సార్, మన ఊరి వేగం!” అని రాయించినవాణ్ణి నేనే. అందులో సార్ హెల్మెట్ చంకలో పెట్టుకుని నవ్వుతుంటారు. ఊళ్ళో కూరగాయలు కొనడానికి వెళ్ళినా జనం ఆయనకి దారి ఇస్తున్నారు. అలాంటి సమయంలో ఆయనకి ఆ అనుమానం వచ్చింది, అడిగారు.

సూరన్న గారు తాళం పుచ్చుకున్నారు. తర్వాత హెల్మెట్ కూడా అడిగారు, గ్లౌజులు కూడా. సార్‌ని టెంటులో రజియా మేడం వెనక కుర్చీలో కూర్చోబెట్టి, “మీరు చూస్తూ, వింటూ ఉండండి సార్. లేవకండి” అన్నారట. రజియా మేడంతో “పోస్టుల నుంచి ఏది వినపడితే అది రాయమ్మా” అన్నారట. ఇవన్నీ ఆవిడ తర్వాత చెప్పింది. మేమెవరమూ చూడలేదు. మేము అప్పటికే పోస్టుల్లోకి వెళ్ళిపోయాం. నాది నాలుగో పోస్టు, చివరి మలుపు.

సార్ బూడిద రంగు కారు వచ్చి గీత మీద నిలబడింది. లోపల సార్ తెల్ల హెల్మెట్, నల్ల అద్దం దించి ఉంది. ఎండ అప్పుడే సిమెంటు మీద పడుతోంది. కారు కదిలింది.

అబ్బో, ఏం కదలడం! ఇవాళ సార్ రెచ్చిపోయారు అనుకున్నాను. మొదటి వరసలోనే రెండు కోన్లు ఎగిరిపోయాయి. వాకీటాకీ గరగరలాడింది. “పోస్టు ఒకటి, క్లీన్.” రెండో పోస్టులో ఇనుప సామాన్ల దొరబాబు. వాడి ముందు ఒక కోను బంతిలా దొర్లుకుంటూ గోడదాకా పోయింది. దాని వెనక వాడు పొట్ట పట్టుకుని పరుగు. పరిగెడుతూనే రొప్పుతూ చెబుతున్నాడు, “పోస్టు రెండు... క్లీన్ సార్.” మూడో పోస్టులోనూ ఒకటి పడింది. “క్లీన్.”

ఇక నా ముందుకొచ్చింది. మలుపులో కారు ఒక కోనుని పడేసి, ఇంకో కోనుని ముందు బంపరు కిందికి ఇరికించుకుని, బరబరా ఈడ్చుకుపోయింది. చెవిటివాడికి కూడా వినపడే చప్పుడు. నేను జెండా కిందికే పట్టుకుని, గొంతు సవరించుకుని, హుషారుగా చెప్పాను.

“పోస్టు నాలుగు, క్లీన్!”

కారు టెంటు ముందు ఆగింది. బంపరు కింద ఎర్ర కోను, నాలుక చాపినట్టు. రజియా మేడం రాసేసింది: యాభై ఏడు, కోన్లు సున్నా. మేమంతా చప్పట్లు కొడుతూ, “సార్ కోయంబత్తూరు కొట్టేశారు” అంటూ పరిగెత్తుకొచ్చాం. కారు తలుపు తెరుచుకుంది. తెల్ల హెల్మెట్ తీస్తే లోపల సూరన్న గారి బట్టతల.

ఆయన మా వంక చూడలేదు. వంగి, కారు కింద నుంచి కోను లాగి, తీసుకెళ్ళి టెంటులో బల్ల మీద పెట్టారు. దాని ఎదురుగా కామేశం సార్ కూర్చుని ఉన్నారు.

అప్పటిదాకా కొట్టిన చప్పట్లు చేతుల్లోనే ఆగిపోయాయి. దొరబాబు తన బూట్లు చూసుకుంటున్నాడు. ఒకాయన వాకీటాకీ ఆఫ్ చేశాడు, ఇప్పుడు చేసి ఏం లాభం. నాకైతే ఆ సిమెంటు నేల ఎక్కడన్నా చీలితే బాగుండుననిపించింది.

సార్ ఆ కోను వంకే చూశారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. స్కూల్లో కోపం వస్తే అలా ఎర్రబడేవి. కానీ ఇది కోపం కాదని గొంతు వింటే తెలిసింది.

“ఎన్ని వారాల నుంచిరా?”

ఆయన నన్నే చూస్తున్నారు.

“మొదటి వారం నుంచేనండి” అన్నాను.

ఇక్కడ నేను ఒక సంగతి ఒప్పుకోవాలి. మొట్టమొదట జెండా దించినవాణ్ణి నేనే. మొదటి ఆదివారం సార్ కారు నా పోస్టులో రెండు కోన్లు పడేసింది. నా చెయ్యి సగం లేచింది. పెద్దాయన, పోనీలే అనుకున్నాను, చెయ్యి దించేశాను. పక్క పోస్టువాడు చూశాడు. వచ్చే వారం వాడూ దించేశాడు. ఒకరితో ఒకరం ఒక్క మాట అనుకున్నది లేదు. గౌరవం అనే అందరం అనుకున్నాం. నాది మాత్రం పూర్తిగా గౌరవం కాదు. తొమ్మిదో తరగతి లెక్కల పరీక్షలో నాకు ముప్పై నాలుగు వచ్చాయి. మా నాన్న స్కూలుకొచ్చి, తలపాగా తీసి చేతిలో పట్టుకుని బతిమాలాడు. సార్ ఒక్క మార్కు వెయ్యలేదు. ఏడాదంతా నాకన్నా చిన్నవాళ్ళ పక్కన మళ్ళీ తొమ్మిదే చదివాను. ఆ మనిషికి ఇప్పుడు నేను ప్రతి ఆదివారం మార్కులు వేస్తున్నాను. ఆయనకి తెలియకుండా, ఊరికే, చేతినిండా. అందులో ఏదో తీపి ఉండేది. ఇంటికెళ్ళి ఆ పూట అన్నం రెండు ముద్దలు ఎక్కువ తినేవాణ్ణి. రాయడానికి సిగ్గేస్తోంది గానీ, అది నిజం.

సార్ అన్నారు, “నీకు ముప్పై నాలుగొస్తే ముప్పై అయిదు చెయ్యలేదు నేను. మీ నాన్న వచ్చాడు. గుర్తుందిరా నాకు.”

ఆయనకి గుర్తుంటుందని నేను ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా అనుకోలేదు. తల వంచుకున్నాను.

“పోనీలెండి సార్” అన్నాడు దొరబాబు, పరిస్థితి చక్కబెడదామని. “ఈ వయసులో మీరు తోలడమే గొప్ప. మాబోటివాళ్ళం మీ వయసుకి మంచం దిగుతామో లేదో. కోన్లదేముంది, ప్లాస్టిక్కే కదా.”

“నువ్వు నోరుముయ్యి దొరబాబూ” అన్నారు సార్. తర్వాత తనలో తను అనుకున్నట్టు, అందరికీ వినపడేలా అన్నారు. “మిమ్మల్ని అనడానికి నాకేం మొహముంది? కోను తగిలితే కారు అడుగున చప్పుడవుతుంది. నాకూ వినపడేది. ఎవరూ జెండా ఎత్తలేదు కదా, రాయి అయ్యుంటుందిలే అనుకునేవాణ్ణి. సిమెంటు నేల మీద రాయెక్కణ్ణుంచొస్తుంది?”

ఆ మాటకి రజియా మేడం కాగితాల మీంచి తలెత్తలేదు. సూరన్న గారు కూడా అప్పుడే పని పడినట్టు కారు టైర్లలో గాలి చూస్తున్నారు.

సార్ లేచి హెల్మెట్ పెట్టుకున్నారు. గెడ్డం కింద పట్టీ బిగించడానికి మూడుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. సాయం చేద్దామని నేను చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాను.

“ఒక్కసారి తిప్పుతాను. జెండాలు ఎత్తండి” అన్నారు.

వెళ్ళి పోస్టుల్లో నిలబడ్డాం. కారు కదిలింది. ఏమాటకామాటే చెప్పాలి, ఆయన నెమ్మదిగా జాగ్రత్తపడి కోన్లు తప్పించుకుని ఉండొచ్చు. అలా చెయ్యలేదు. ప్రతి ఆదివారం ఎలా తోలేవారో అలాగే తోలారు. “పోస్టు ఒకటి, రెండు కోన్లు.” “పోస్టు రెండు, మూడు సార్.” దొరబాబు గొంతు పీలగా వచ్చింది. “పోస్టు మూడు, ఒకటి.” నా మలుపులో మూడు పడ్డాయి. జెండా బరువు అరకిలో ఉండదు. అయినా ఆ రోజు ఎత్తడానికి నాకు రెండు చేతులూ కావాల్సి వచ్చింది. “పోస్టు నాలుగు...” అని ఆగిపోయాను. వాకీటాకీలో రజియా మేడం అడిగింది, “నాలుగూ, చెప్పండి.” చెప్పాను, “మూడు.”

చుట్టి వచ్చిన టైము అరవై మూడు. తొమ్మిది కోన్లకి పద్దెనిమిది కలిపితే ఎనభై ఒకటి.

సార్ టెంటులోకొచ్చి కోయంబత్తూరు దరఖాస్తు ముందుకు లాక్కున్నారు. టైము అని ఉన్న గడిలో, బోర్డు మీద రాసినట్టు గుండ్రంగా ఎనభై ఒకటి వేసి, కింద గీత గీశారు. ఆ కాగితానికి పిలుపు రాదని అక్కడున్న అందరికీ తెలుసు. సూరన్న గారు దాని కింద సంతకం పెట్టారు. తన సంతకం ఆయన చాలా నెమ్మదిగా పెడతారు.

వెళ్ళేముందు సార్ నా దగ్గర ఆగారు. “ఆ ఫ్లెక్సీ నువ్వే కట్టించావు కదా. నువ్వే దింపు. పట్టపగలు దింపు. ఎవరన్నా అడిగితే ఎందుకో చెప్పు.” నేను సరేనన్నాను. వచ్చే ఆదివారం వస్తారా అని అడగబోయేసరికి ఆయన కారెక్కారు. గేటు దగ్గర ఇండికేటరు వేసి, అటూ ఇటూ చూసి, రోడ్డు మీదికి తిప్పుకుని వెళ్ళిపోయారు.

మిగిలినవాళ్ళు కూడా ఒక్కొక్కరే జారుకున్నారు. కోన్లు ఏరి ఒకదాని మీద ఒకటి పెట్టే పని నాకూ సూరన్న గారికీ మిగిలింది. ఎండ బాగా ఎక్కింది. కొంతసేపు ఓర్చుకున్నాను గానీ నా నోరు ఊరుకునే నోరు కాదు.

“గురువుగారూ, తప్పుగా అనుకోకండి. ఇదంతా ఆయన చెవిలో చెబితే సరిపోయేది కదండీ. అంత పెద్దమనిషిని అందరి ముందూ ఇలా చెయ్యాలా? పైగా ఆయన అడిగినదానికి మీరు జవాబు చెప్పనే లేదు.”

ఆయన చేతిలో కోన్ల దొంతర కింద పెట్టి, నడుం మీద చెయ్యి వేసుకుని నిటారుగా నిలబడ్డారు.

“ఇవాళ పడ్డ తొమ్మిదీ ఆయనవి” అన్నారు. “ఇన్ని వారాలూ పడ్డవి ఎవరివో, అది నువ్వు చెప్పాలి సత్తిపండూ.”