వెనక్కి తిరగని నట్టు

అనగనగా ఒక అడవి. ఆ అడవిని రెండు ముక్కలు చేస్తూ ఒక వాగు. వాగు మీద ఒక ఇనుప వంతెన. ఎప్పుడో కలప కోసం వచ్చిన మనుషులు దాన్ని వేసుకుని, పని అయిపోగానే వదిలేసి పోయారు. పోతూ పోతూ నట్లు బిగించే ఒక పానా, ఒక సన్న ఇనుపతీగ చుట్ట కూడా అక్కడే పడేసి పోయారు. మనుషులు కదర్రా, అంతే!

ఆ వంతెనకి కాపలా జగ్గప్ప అనే ఉడుము. అతని పట్టు అలాంటి ఇలాంటి పట్టు కాదు. తోకతో దూలాన్ని చుట్టుకుని, ముందుకాళ్ళతో పానా తిప్పాడంటే నట్టు కీచుమని ఏడ్చేది. బిగించాక "బిగిసింది! బిగిసింది! బిగిసింది!" అని మూడుసార్లు అరిచేవాడు. అలా అరిచాక ఆ నట్టును ఎవరూ మళ్ళీ తాకి చూడకూడదు. తాకితే ఉడుముల పరువు పోయినట్టే. తాతల నాటి నుంచి వాళ్ళ ఆనవాయితీ అది.

ఆ ఏడు వానలు ముందే ముంచుకొచ్చాయి. ఏనుగుల పెద్ద గంగవ్వ వంతెన దగ్గరికి వచ్చింది. ఆమె వెనక పద్దెనిమిది ఏనుగులు. వాటి కాళ్ళ మధ్య, పుట్టి నెల కూడా కాని ఒక గున్న.

"నాయనా జగ్గప్పా! ఇవతల మేత అయిపోయింది. మూడు రోజుల్లో వాగు పొంగుతుంది. ఆలోగా అవతలికి పోకపోతే పిల్లదానితో సహా ఆకలికి మాడిపోతాం. నీ వంతెన మమ్మల్ని మోస్తుందా?" అని అడిగింది.

జగ్గప్ప గున్నను చూశాడు. కింద నల్లటి రాళ్ళను చూశాడు. అయినా గొప్ప ఊరుకోనిస్తుందా?

"నేను బిగించానమ్మా! ఇంక భయం దేనికి?" అనేశాడు.

బరువు తక్కువవాటిని ముందు దాటనిచ్చి మూడో రోజు పొద్దున్నే వస్తామని గంగవ్వ మందను వెనక్కి తీసుకుపోయింది. మొదటి రోజు అడవిదున్నలు దాటాయి. వంతెన గడగడా అదిరింది. వాగు మీదికి వంగిన కొమ్మకి ఒక గూడు వేలాడుతోంది. అందులోంచి నూకరాజు అనే గిజిగాడు తల బయటపెట్టి అరిచాడు.

"జగ్గప్ప మామా! నీ నట్లు తిరుగుతున్నాయి!"

"నోర్ముయ్యరా! బొటనవేలంత లేవు, నువ్వు నాకు చెప్పేదేంటి?" అని కసిరాడు జగ్గప్ప. కానీ దొంగచూపు ఒకటి చూశాడు. నిజమే! ఒక నట్టు అరచుట్టు వెనక్కి వచ్చేసింది. అతను బిత్తరపోయాడు.

"ఎవడ్రా తిప్పింది?"

"ఎవరూ తిప్పలేదు మామా. అదురు తిప్పింది. అదిరినప్పుడల్లా వెంట్రుకవాసి జరిగింది. మంద మొత్తం దాటేసరికి అరచుట్టయింది."

రెండో రోజు జగ్గప్ప పంతం పట్టాడు. ఇంకా గట్టిగా, ఒళ్ళంతా బరువేసి తిప్పాడు. ఠప్! బోల్టు రెండు ముక్కలై వాగులో పడింది. పక్కన పడి ఉన్న పాత బోల్టు వేసి సరిపెట్టాడు. సాయంత్రం జింకలు దాటాయి. జింకల బరువెంత? ఆ కాస్త అదురుకే నట్లు మళ్ళీ వదులయ్యాయి. వంతెన మీద పరిచిన ఇనుప రేకు ఒకటి జారి, ఆ సందులో ఒక జింక కాలు ఇరుక్కుంది. విడిపించడానికి జగ్గప్పకి తల ప్రాణం తోకకొచ్చింది.

మూడో రోజు పొద్దున్నే ఏనుగులు వచ్చి నిలబడ్డాయి. వాగు ఎర్రగా మారి పైకి లేస్తోంది. అడవి అడవంతా గట్టు మీదే ఉంది. ఇప్పుడేం చెయ్యాలి? నోరు విప్పితే పరువు పోతుంది. విప్పకపోతే గున్న పోతుంది.

జగ్గప్ప తల దించుకున్నాడు. "అమ్మా, నేను బిగించినవన్నీ వదులైపోయాయి. ఒక్క పూట ఆగండి" అన్నాడు. తర్వాత కొమ్మ వైపు తిరిగి, "నూకరాజూ, నాకు చేతకాలేదురా. నువ్వు రా" అన్నాడు.

నూకరాజు రివ్వున దిగాడు. "నట్టు మూలల్లో ఈ సన్న బెజ్జాలు చూడు మామా. ఇవి ఊరికే పెట్టలేదు" అంటూ మనుషులు పడేసిన ఆ సన్నతీగను ఒక నట్టులోంచి దూర్చి, మెలిపెట్టి, పక్క నట్టు చుట్టూ తిప్పి కట్టాడు.

"ఇప్పుడు ఈ నట్టు వెనక్కి రావాలంటే తీగను లాగాలి. తీగను లాగితే పక్క నట్టు ఇంకా బిగుస్తుంది. బిగిసిన నట్టు దీన్ని కదలనిస్తుందా?"

"ఓరి నీ దుంప తెగ!" అంటూ జగ్గప్ప ఆ నట్టును వెనక్కి తిప్పబోయాడు. కదల్లేదు. వదులు కావాలనే తహతహలోంచే బిగువు పుడుతోంది! ఇన్నేళ్ళూ తన చేతుల కిందే ఉన్న నట్టులో ఇంత వింత దాగుందా?

ఇద్దరూ పనిలో పడ్డారు. జగ్గప్ప ప్రతి నట్టునూ మళ్ళీ తాకాడు, మళ్ళీ బిగించాడు. నూకరాజు తీగ దూర్చాడు. జగ్గప్ప తీగను లాగి పట్టుకుంటే నూకరాజు ముడేశాడు. ముక్కు ఒరుసుకుపోయి నెత్తురు వచ్చినా ఆపలేదు. మధ్యాహ్నం దాటేసరికి చివరి జత కూడా అయిపోయింది.

గంగవ్వ మొదటి అడుగు వేసింది. జగ్గప్ప వంతెన అడుగున దూలాన్ని కరుచుకుని ఉన్నాడు. పైన పంతొమ్మిది కొండలు నడుస్తున్నట్టు ఉంది. ఇనుము మూలుగుతోంది. కింద వరద నురగలు కక్కుతోంది. అతని ముక్కు ముందే ఒక నట్టు వణికింది. వెనక్కి తిరగబోయింది. తీగ బిర్రబిగిసింది. నట్టు ఆగిపోయింది! మళ్ళీ వణికింది, మళ్ళీ ఆగింది. వంతెన పొడుగునా ప్రతి జతా అలాగే ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడింది. గడ్డిపరకంత తీగ! ఇన్ని ఏనుగుల అదురు! అతని కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి.

అన్నిటికన్నా చివర గున్న. దాని కాళ్ళ కింద వంతెన చిన్నగా టక్‌టక్‌మంది. నడుమ ఆగి నీళ్ళలోకి తొంగి చూసింది. తర్వాత పరుగెత్తి అమ్మ కాళ్ళ మధ్యలో దూరింది.

జగ్గప్ప పైకి పాకి, బొటనవేలంత లేని నూకరాజుకి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. అవతలి గట్టున గున్న అప్పుడే పచ్చగడ్డి పీకడం మొదలుపెట్టింది.

నీతి: బిగించడంతోనే పని అయిపోదు, వదులు కాకుండా కాచుకోవాలి. "వదులైంది, సాయం చెయ్యి" అని ఒప్పుకుని అడగగలిగినవాడే గట్టివాడు.