పోలిగాడు పోగేసిన మాటలు

ఒకప్పుడు పసుల పోలిగాడు అనే పిట్టకి సొంత మాట ఒక్కటే ఉండేది. నిగనిగలాడే నల్లటి ఒళ్లు, చీలిన పొడవాటి తోక, నోట్లో మాత్రం "చీ" అనే ఒక్క ముక్క. అది వాడికి బొత్తిగా చాలేది కాదు.

అందుకని వాడు మాటలు పోగేయడం మొదలుపెట్టాడు. పొద్దున్నే గేదె వీపెక్కేవాడు. గేదె మేస్తూ నడుస్తుంటే గడ్డిలోంచి మిడతలు లేచేవి. వాటిని పట్టి తింటూ, దారిలో ఎవరు ఏ మాటన్నా చెవిన వేసుకునేవాడు. అర్థం అడిగేవాడు. మూడుసార్లు వల్లె వేసేవాడు. ఉడుత తిట్టు, గోరింక పిలుపు, కౌజుపిట్ట కబురు, ఇలా బోలెడు పోగయ్యాయి.

ఒకరోజు ఎండుకొమ్మ మీద డేగ కూర్చుని ఉంది. కడుపు నిండి ఉంది కాబట్టి ఎవరి జోలికీ పోవడం లేదు.

"అయ్యా, మీరు 'కిక్కీ' అంటారు కదా, దానర్థం ఏంటి?" అని గేదె వీపు మీంచే అడిగాడు పోలిగాడు.

"నేనొచ్చానని," అంది డేగ.

కొత్త మాట దొరికిందని పోలిగాడు సంబరపడిపోయాడు. గేదె మేత ఆపి, "ఎప్పుడనాలో కూడా అడగరా," అంది.

"అర్థం తెలిసింది కదా పెద్దమ్మా, ఇంకేం కావాలి?"

గేదెకి మేత ముఖ్యం. మళ్లీ గడ్డిలో మూతి పెట్టింది.

పోలిగాడి గూడు తుమ్మచెట్టు చిటారుకొమ్మన ఉండేది. కింది కొమ్మ మీద ఒక గువ్వ నాలుగు పుల్లలు అడ్డదిడ్డంగా పేర్చి, రెండు గుడ్లు పెట్టి పొదుగుతోంది. ఆ మధ్యాహ్నం పోలిగాడు తన మాటలన్నీ దానికి వినిపించాడు.

"బాగున్నాయన్నా," అంది గువ్వ.

అంతే, వాడిక ఆగలేకపోయాడు. గొంతు సవరించుకుని "కిక్కీ" అన్నాడు.

గువ్వ గుడ్లొదిలేసి ఎగిరిపోయింది. "డేగ లేదు చెల్లీ, అన్నది నేనే" అని అరుస్తూ పోలిగాడు వెంటపడ్డాడు. రెండు పొలాలు దాటాక గానీ అది ఆగలేదు. ఇద్దరూ తిరిగొచ్చేసరికి ఒక కాకి మూతి తుడుచుకుంటూ లేచిపోతోంది. గూట్లో ఒక్క గుడ్డే మిగిలింది.

"ఎందుకన్నావన్నా ఆ మాట?"

"దానర్థం నాకు తెలుసు చెల్లీ."

"నాకూ తెలుసు. తెలుసు కాబట్టే లేచిపోయాను. కాకి రుచి మరిగింది, రేపు మళ్లీ వస్తుంది. ఈ గుడ్డుని నేనెక్కడికి మోసుకుపోను?"

పోలిగాడికి సిగ్గుతో తలెత్తబుద్ధి కాలేదు. ఆ సాయంత్రం మిడత కూడా నోటికి సహించలేదు.

తెల్లారగానే కింది కొమ్మ మీదికి దిగాడు. "చెల్లీ, కాకి వస్తే నేను మళ్లీ ఆ మాటే అంటాను. నువ్వు మాత్రం లేవకు. నిజంగా డేగొస్తే నీ పక్కకొచ్చి చెప్తాను. ఉత్తప్పుడు ఆ మాట ఎత్తనే ఎత్తను."

గువ్వ గుడ్డుని ఇంకాస్త పొట్ట కిందికి లాక్కుంది. నిన్న వాడి మాటలు విన్నందుకే ఒక గుడ్డు పోగొట్టుకుంది మరి.

కాసేపటికి కాకి రానే వచ్చింది. కొమ్మ చివర వాలి, ఒక్కో అడుగే పక్కకి జరుగుతోంది. పోలిగాడు ఉడుత తిట్టు తిట్టాడు. కాకి తల కూడా తిప్పలేదు. గోరింక కేక వేశాడు. లక్ష్యపెట్టలేదు. ఇక మిగిలింది ఒక్క మాట. అది విని గువ్వ లేచిందా, గుడ్డు దక్కదు.

"కిక్కీ" అన్నాడు.

కాకి ఎగిరిన తీరు చూడాలి, రెక్కలు కొమ్మలకి కొట్టుకుంటూ పారిపోయింది. పోలిగాడు వెంటపడి, దాని వీపు మీద నాలుగు పొడిచి, జొన్నచేను దాటించి వచ్చాడు. వచ్చి చూస్తే గువ్వ కళ్లు గట్టిగా మూసుకుని, గజగజ వణుకుతూ, గుడ్డు మీదే కూర్చుని ఉంది.

"లేవలేదేం చెల్లీ?"

"లేవొద్దన్నావు కదన్నా."

పోలిగాడికి ఏడుపొచ్చింది.

అప్పటినుంచే గువ్వలు వెతికి మరీ పోలిగాడున్న చెట్టు మీదే గూడు కట్టుకుంటాయి. కాకి కనబడితే చాలు, తనకి రెండింతలున్నా సరే, వాడు డేగ మాట అంటూ వెంటపడి తరుముతాడు. ఆ మాటకి చుట్టుపక్కల పిట్టలన్నీ లేచిపోతాయి. కింది కొమ్మ మీది గువ్వ మాత్రం కదలదు.