గవరయ్య జరిపిన తాడు

ఎవరికీ కాదని చెప్పలేని మొహమాటస్థుడు గవరయ్య ఊటమెట్ట అనే పల్లెలో ఉండేవాడు. అడిగితే ఒంటిమీద చొక్కా కూడా విప్పి ఇచ్చే రకం. పోనీ, తన చొక్కా అయితే ఎవరికి నష్టం?

ఆ ఊరికి తాగునీరు మెట్టమీది ఊట ఒక్కటే. ఆ ఊట నిలిచింది చెట్ల చలవ వల్లే. అందుకని ఊరంతా కూర్చుని, పిల్లల కాలం దాకా పనికొచ్చే ఏర్పాటు చేసుకున్నారు. అడవిని ముక్కలుగా పంచి, ఏడాదికి ఒక్క ముక్కలోనే చెట్లు కొట్టాలన్నారు. కొట్టినచోట మొక్కలు నాటాలన్నారు. మిగతా అడవి చుట్టూ ఎర్రగుడ్డలు వేలాడే తాడు కట్టారు. తాడు లోపల గొడ్డలి పడకూడదు. ఇంత చక్కటి ఏర్పాటు చేసి, కాపలా ఎవరికి అప్పగించారనుకున్నారు? గవరయ్యకి! మంచివాడట! వాళ్ల తెలివికి దండం పెట్టాలి.

ఒకరోజు బావమరిది సింహాద్రి వచ్చాడు.

"బావా, పెళ్లిపందిరికి రాటలు కావాలి. అదిగో, ఆ చెట్లు నిటారుగా ఉన్నాయి."

"అవి తాడు లోపలివి కదయ్యా," అని నసిగాడు గవరయ్య.

"అయితే తాడు జరుపు. బయటివైపోతాయి!"

గవరయ్యకు ప్రాణం లేచివచ్చింది. కాదనక్కర్లేదు, కట్టుబాటూ తప్పక్కర్లేదు! తాడు విప్పి కాస్త లోపలికి కట్టాడు.

అక్కడే కొంప మునిగింది. సంగతి ఊరంతా పాకింది. నాగలికని ఒకడు, దూలానికని ఒకడు, వంటచెరకుకని ఇంకొకడు వచ్చారు. వచ్చినప్పుడల్లా తాడు జరిగింది.

"కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోవాలయ్యా? రేపు పిల్లలు దాహమంటే నీ తాడు పిండి పోస్తావా?" అంది భార్య ఎర్నమ్మ.

"తాడు లోపల ఒక్క చెట్టయినా కొట్టనిచ్చానా?" అన్నాడతను గర్వంగా. ఏం చెప్తాం ఇలాంటివాడికి!

కొన్నేళ్లకు తాడు ఊట చుట్టూ మాత్రమే మిగిలింది. లోపల ఒక్క చెట్టూ లేదు. ఆ వేసవిలో ఊట ఎండిపోయింది. అందరికంటే ముందు వచ్చి తిట్టినవాడు సింహాద్రే. ఒళ్లు మండదూ!

గవరయ్య ఆ తాడే విప్పి బిందెకు కట్టుకుని, పొరుగూరి బావికి పరుగెత్తాడు. అక్కడ కాపలా ఉన్నది స్వయానా అతని మేనత్త.

"నీకో చెంబుడు ఇస్తాను, తాగి వెళ్లు. బిందె మాత్రం నింపనివ్వను. వేసవి గడిచేదాకా పొరుగూరికి బిందెలతో నీళ్లివ్వకూడదని మా కట్టుబాటు," అంది ఆమె.

"అక్కడ పిల్లలు నోరెండి ఏడుస్తున్నారత్తా! మేనత్తవై ఉండి ఇంత మాటంటావా?"

"ఇక్కడా పిల్లలున్నారురా. నీకని ఇస్తే రేపు ఎవర్ని ఆపగలను?"

తాను ఏనాడూ అనలేని మాట ఆమె ఎంత సులువుగా అందో! గవరయ్య ఖాళీ బిందెతో, తల వంచుకుని తిరిగి వచ్చాడు.

నీతి: పదిమంది కోసం పెట్టుకున్న కట్టుబాటును మొహమాటానికి సడలించేవాడు ఆ పదిమందికీ ద్రోహం చేసినట్టే, కాదనవలసిన చోట కాదనడమే అసలైన కాపలా.