తిత్తులూదిన నూకాలు

అనగనగా, మన తాతలకి ఇంకా మీసాలు మొలవని రోజుల్లో, పొగమెట్ట అనే కొండ ఉండేది. ఇప్పుడూ ఉందనుకోండి, కొండెక్కడికి పోతుంది! ఆ కొండ మీద ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక కొలిమి. ఆ కొలిమిలో తిత్తులూదడానికి ఒక నూకాలు.

కొడవలి చేసిన కమ్మరికి పేరొస్తుంది. కొడవలి పట్టిన రైతుకి పంటొస్తుంది. మధ్యలో గాలి ఊదినదాన్ని ఎవరు తలుస్తారు? నూకాలుకి ఆ చింత లేదు. ఆమె దిగులు వేరే. ఒక్కగానొక్క కూతురు పురిటినొప్పులతో ఎడ్లబండిలో కొండ దిగుతూ, చింతమలుపు దగ్గర ప్రాణం వదిలింది. అప్పట్నుంచి ఏ ఇంట్లో పురుడని విన్నా నూకాలుకి ఆ పూట ముద్ద దిగేది కాదు.

అలాంటి కొండ మీదికి ఒకనాడు కారొచ్చింది! ముందు ఇనుపకడ్డీ దోపి తిప్పితే గుర్రుమని లేచే కారు. కొన్నవాడు దాలినాయుడు, నడిపేవాడూ ఆయనే. ఊరంతా ఎగబడి చూసింది. అందరికంటే ఎక్కువ సంబరపడింది నూకాలే. "ఇంక మన ఆడపిల్లలు దారిలో పోరు," అని కనబడ్డవాళ్ళందరికీ చెప్పింది.

దాలినాయుడికి కారంటే పంచప్రాణాలు. కానీ ఆయనకి తెలిసిన సాకుడు ఒక్కటే, ఎద్దుని సాకినట్టు సాకడం. పొద్దుగూకగానే నాలుగు బిందెల నీళ్ళు, ఒక గడ్డిచుట్ట. పైనా కిందా తోమి, ముందు మూత ఎత్తి లోపల కూడా శుభ్రంగా కడిగి, వీపు మీద తట్టి, పైన టార్పాలిన్ కప్పేవాడు. వేసవిలో బాగానే నడిచింది. వానల్లో కాస్త నసిగింది. పుష్యమాసం చలి కొరికేసరికి మొండికేసింది! పొద్దున్నే ఎంత తిప్పినా "కొర్ కొర్" మనడం, ఆగడం. ఎండ నడినెత్తికొచ్చాక మాత్రం ఏమీ ఎరగనట్టు లేచేది.

ఊళ్ళో అందరూ వైద్యులే కదా. ఒకడు దిష్టి తగిలిందన్నాడు. గుమ్మడికాయ కొట్టారు. లేవలేదు. ఇంకొకడు చలి చేసిందన్నాడు. గొంగళి కప్పారు. లేవలేదు. మూడోవాడు వేణ్ణీళ్ళు పొయ్యమన్నాడు. ఇంజను మీదంతా పోశారు. ఆ రోజు నడినెత్తి ఎండకి కూడా లేవలేదు!

ఆ మూడు రోజులూ నూకాలు కొలిమి దగ్గర్నుంచి చెవొగ్గి వింది. ఆఖరికి ఉండబట్టలేక వెళ్ళి, "బావూ, దానికి నిప్పందట్లేదు," అంది.

"తిత్తులూదుకునేదానివి, నీకేటే కారు గొడవ? ఎల్లి నీ బొగ్గులు సూసుకో," అన్నాడు దాలినాయుడు.

ఆమె వెళ్ళి తన బొగ్గులు చూసుకుంది.

నాలుగోనాడు తెల్లారుతూనే దాలినాయుడి చెల్లెలు సన్నమ్మకి నొప్పులొచ్చాయి. ఊరి మీద మంచు, మనిషికి మనిషి కనబడని మంచు. మంత్రసాని గడప దాటొచ్చి గట్టిగా చెప్పింది. "బిడ్డ అడ్డం తిరిగిపోనాది. కిందున్న ఆస్పత్రికి దించండి. ఎండెక్కేదాకా ఆగితే ఇద్దరూ దక్కరు."

దాలినాయుడు కడ్డీ తిప్పాడు. కొర్ కొర్. మళ్ళీ తిప్పాడు. కొర్ కొర్. చేతులు బొబ్బలెక్కేలా తిప్పాడు. కొర్ కొర్. కడ్డీ పారేసి, కారుకి తలానించి బావురుమన్నాడు.

లోపల సన్నమ్మ కేక పెట్టింది. ఆ కేకలో నూకాలుకి తన కూతురే వినబడింది. తిత్తి వదిలేసింది, పరుగెత్తింది!

"తప్పుకోండెహే! బావూ, ఏడవకు. మూడు మాటలడుగుతాను, సెప్పు. కొలిమి రగలాలంటే బొగ్గుండాల, గాలుండాల, నిప్పుండాల. దీనికి బొగ్గేటి?"

"పెట్రోలు."

నూకాలు వాసన చూసింది. "గుప్పుమంటంది. బొగ్గుంది. గాలెక్కడ పీలుస్తాది?"

ఆయన గొట్టం చూపించాడు. దానికి అరచెయ్యి అడ్డం పెట్టి కడ్డీ తిప్పమంది. గొట్టం చేతిని గుంజింది. "గాలుంది! మరి నిప్పెక్కడ?"

దాలినాయుడు నల్లటి మూత ఒకటి చూపించాడు. దాన్నిండా తీగలే. "నిప్పుని ఇక్కణ్ణుంచే పంచుతాదంట. కొన్ననాడు మేస్త్రీ సెప్పినాడు."

"ఇప్పు."

విప్పాడు. మూత లోపల, చెమట పట్టినట్టు నీటిబొట్లు!

"తడిబొగ్గులో నిప్పు నిలుస్తాదేటి? ఇక్కడ నీళ్ళెవలు పోసినారు?"

ఊరంతా దాలినాయుడి వైపు చూసింది. "నానే," అన్నాడాయన. "ఎద్దుని కడిగినట్టు రోజూ నానే కడిగినాను."

"ఎద్దయితే ఒళ్ళు దులుపుకుంటాది. ఇది దులుపుకోలేదు కదా నాయనా!"

కొలిమి పక్కన వెచ్చగా ఆరిన తన పాత చీర తెచ్చి చర్రున చింపింది. ఒకసారి తుడిచింది. మూతని కొలిమి సెగకి దూరంగా పట్టి మళ్ళీ తుడిచింది. తీగల మొదళ్ళు కూడా పట్టి పట్టి మూడోసారి తుడిచింది. మూత బిగించారు.

"తిప్పు!"

తిప్పాడు. కారు దగ్గింది. తిప్పాడు. నల్లగా పొగ కక్కింది. తిప్పాడు. గుర్రుమని లేచింది! ఊరు ఊరంతా ఈలలు, కేకలు! ముసలాళ్ళు కూడా గంతులేశారు!

సన్నమ్మని పడుకోబెట్టాక దాలినాయుడు వెనక్కి తిరిగాడు. "నువ్వూ ఎక్కు, నూకాలప్పా," అన్నాడు. అక్కని పిలిచినట్టు అప్పా అని ఆమెని పిలవడం ఆయనకి అదే మొదలు.

సన్నమ్మ తలని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది నూకాలు. చింతమలుపు వచ్చింది. ఆమె ఊపిరి బిగబట్టింది. కారు మలుపు తిరిగింది, దాటింది. అప్పుడు ఏడ్చింది నూకాలు, ఇన్నేళ్ళ ఏడుపూ ఒక్కసారే. మంచు విడిచేలోపే ఆస్పత్రిలో ఆడపిల్ల పుట్టింది. తల్లీ దక్కింది, పిల్లా దక్కింది.

ఆ తర్వాత చాలా పుష్యమాసాలు వచ్చాయి. ఒక పుష్యంలో నూకాలు పోయింది. ఆ రోజు దాలినాయుడు కారు తియ్యలేదు. సీటు కింద దాచుకున్న ఆమె చీరముక్క తీసి కళ్ళకద్దుకున్నాడు.

పొగమెట్టలో నేటికీ పొద్దుగూకాక బండి కడగరు. కొత్త బండికి నిమ్మకాయ కట్టడం మరిచిపోయినా, సీటు కింద పొడిగుడ్డ పెట్టడం మరవరు. ఇప్పటి బళ్ళకి ఆ నల్లమూత లేదు, మీట నొక్కితే చాలు. అయినా చలికాలం తొలిబస్సు కదిలేముందు డ్రైవరు ఆ గుడ్డ చేత్తో పట్టుకుని వెనక్కి తిరిగి అరుస్తాడు.

"బొగ్గుందా?"

"ఉంది!" అంటారు బస్సులో జనం.

"గాలుందా?"

"ఉంది!"

"నిప్పుందా?"

అప్పుడు చంటిపిల్లల తల్లులు అందరికంటే గట్టిగా అరుస్తారు. "నూకాలప్ప ఉంది! పోనీ!"