పెంటయ్య తలలో ఆగని పని

అదిగో, అప్పుడే మీ చూపు అటూ ఇటూ పోతోంది! పెద్దవాళ్ళు సగం చెప్పేసరికి "తెలిసిందిలెండి" అని లేచిపోయే బుద్ధి మీలో ఎంతమందికి లేదు? సిగ్గు తెచ్చుకుని వినండి.

తాపీమేస్త్రి దాలయ్యది ఆ బుద్ధే. తనకీ, పెళ్ళాం పైడమ్మకీ, తమ్ముడు పెంటయ్యకీ ఉన్నంత తెలివి జిల్లాలో ఎవరికీ లేదని అతని నమ్మకం. ఒకసారి గుమ్మం పెట్టడం మరిచి గది కట్టేసి, "ఇందులో దొంగ ఎలా దూరతాడో చూస్తాను" అని మీసం దువ్వాడు.

పెంటయ్య సిమెంటు తట్టలు మోసేవాడు. అతని నడినెత్తిన ఎముక ఉబ్బి నిమ్మకాయంత బొడిపె అయింది. పెట్టిన తట్టల్లా ఒరిగిపోతోంది. కంట్రాక్టరు సేనాపతి మేడకి స్లాబు పోసే రోజు దగ్గర పడింది. తట్టలు ఒలికితే పని వేరే ముఠాకి పోతుంది. ఇంకేముంది, దాలయ్య తమ్ముణ్ణి పట్నం డాక్టరమ్మకి చూపించాడు.

ఆవిడ ఎక్స్‌రే చూసింది. "భయం లేదు, ఇది చెడ్డ గడ్డ కాదు. ఎముకలో కట్టే కణాలుంటాయి, కూల్చే కణాలుంటాయి. అవి ఒకదానికొకటి కబురు పంపుకుంటాయి. ఇక్కడ 'కట్టు' అన్న కబురు పోతూనే ఉంది, 'ఆపు' అన్న కబురు అందడం లేదు. అందుకని మీరు..."

"మరి సెప్పకండమ్మా!" అని దాలయ్య లేచాడు. "పని ఆపించడం మేస్త్రీకి నేర్పాలేటి?"

నీళ్ళు కొట్టకపోతే కట్టుబడి గట్టిపడదు కదా. అంతే, పెంటయ్యకి తలస్నానం మాన్పించాడు. తలనిండా పేలు పడ్డాయి. "కూలీలు దిగిపోతన్నారు!" అంది పైడమ్మ సంబరంగా. బొడిపె మాత్రం అలాగే ఉంది.

"ఒరే, ఆపండ్రా!" అని తమ్ముడి చెవిలో అరిచాడు. లాభం లేదు. ఇనుప తట్ట అతని నెత్తిన బోర్లించి తాపీతో దడదడ బాదాడు. పెంటయ్యకి ఆ పూటకి చెవులు దిబ్బళ్ళు పడ్డాయి.

"ఇంకేటి కబురెడతాం? దారే మూసుకుపోనాది!" అని పైడమ్మ గొల్లుమంది.

"టీ ఇస్తే పని ఆపని కూలోడుంటాడేటి?" అని దాలయ్య గిన్నెడు టీ తాగించాడు. పెంటయ్యకి తెల్లవార్లూ నిద్ర లేదు.

"కొంప మునిగింది! లోపలోళ్ళు రేతిరి పని కూడా ఎత్తుకున్నారు!" అంది పైడమ్మ.

ఇక మిగిలింది లోపలి కూల్చేవాళ్ళని పనిలోకి దింపడం. ఏ గోడ కూల్చినా మొదటి దెబ్బ పెద్దమేస్త్రి వెయ్యాలి, అది వాళ్ళ ఆచారం. దాలయ్య చెక్క సుత్తి ఎత్తాడు.

"ఆగన్నా! మావోళ్ళకి కూల్చడం వొచ్చో రాదో. ముందు నీ తలమీద సూపించు. నా కళ్ళంట సూసి నేర్సుకుంటారు" అన్నాడు పెంటయ్య.

"నా తమ్ముడివనిపించావురా!" అని దాలయ్య తన నడినెత్తిన ఒక్కటేసుకున్నాడు. అంతే, నెత్తి చిట్లి కళ్ళు తేలేశాడు.

డాక్టరమ్మ కుట్లు వేస్తూ తిట్టింది. "ఆ రోజు చివరిదాకా వింటే ఏం పోయేది? ఆ బొడిపె ఏ హానీ చెయ్యదు. తట్ట కింద చుట్టకుదురుకి మధ్యలో గుంట చేసుకుంటే సరిపోయేది. ఇక వారం దాకా నీ తలతో ఏ పనీ చెయ్యకు."

ఈసారి దాలయ్య ప్రతి మాటా విన్నాడు.

సేనాపతి ఇంటికొచ్చాడు. "మేస్త్రీ, రేపే స్లాబు. మీరు పోస్తారా, లేదా?"

సరేనని ఊపుదామంటే అది తల. చెబుదామంటే నోరూ తలలోదే. ఆలోచించడమూ తల చేసే పనే కదా అని అదీ మానేసి, దాలయ్య కళ్ళు మూసుకున్నాడు.

"పెద్దమేస్త్రి ఉండగా మేం మాటివ్వకూడదు బాబూ, ఆయన్నే అడగండి" అంది పైడమ్మ.

సేనాపతి చూసి చూసి వెళ్ళిపోయాడు. స్లాబు పక్క ఊరి ముఠా పోసింది. కుట్లు మానాక దాలయ్య ఆ ముఠాలోనే తట్టలు మోసే కూలీగా చేరాడు.