పైడమ్మ అప్పడాలకి పట్టిన తేమ

భీమిలి దగ్గర సముద్రం పక్క ఊళ్ళో పైడమ్మ ఇంట్లో ఉన్నది ముగ్గురే. తెలివి మాత్రం ఊరందరికీ సరిపడా ఉందని ముగ్గురికీ గట్టి నమ్మకం. ఊరివాళ్ళు ఎప్పుడూ అడగలేదు, అది వేరే సంగతి.

ఆ వానాకాలం ఒకరోజు మధ్యాహ్నం, కూతుర్నిచ్చిన వియ్యాలవారు మొదటిసారి భోజనానికి వస్తున్నారు. "మా అప్పడం కొరికితే వీధి చివర కుక్క ఉలిక్కిపడి లెగుస్తాది" అని పైడమ్మ పెళ్ళిలోనే వాళ్ళకి గొప్పగా చెప్పేసింది. అందుకే పొద్దున్నే బుట్టెడు అప్పడాలు వేయించి పెట్టింది. గంట తిరక్కుండా అన్నీ మెత్తబడి వాలిపోయాయి. పైడమ్మ పరువంతా ఆ బుట్టలోనే ఉంది మరి.

మళ్ళీ వేయించొచ్చు కదా అంటారేమో. అలాంటి మామూలు ఆలోచనలు ఆ ఇంటి గడప తొక్కవు.

పక్కింటి ఈశ్వరమ్మ టీచరు చూసి, "గాలిలో తేమ ఎక్కువుంది పైడమ్మా, అది పీల్చుకున్నాయి. గట్టి మూతున్న డబ్బాలో పెట్టుకో" అంది. రెండో మాట దాకా వినే ఓపిక పైడమ్మకి ఎక్కడిది?

"గాలి తడిసిపోనాదంట, తుడవండి!" అని కేకేసింది. అంతే! మొగుడు సన్నిబాబు, కొడుకు గౌరీసు తువ్వాళ్ళు పట్టుకుని గాలిని తుడిచారు. మూలలు కూడా వదల్లేదు. పిండితే చుక్క రాలేదు.

"బయట్నుంచి కొత్త తడి వచ్చేస్తంది. తలుపులు ముయ్యండి" అన్నాడు సన్నిబాబు. ఇంకేముంది, కిటికీలన్నీ బిగించి, సందుల్లో పాత గుడ్డలు కుక్కారు. లోపల పెద్ద గిన్నెలో పులుసు తెర్లుతోంది. కాసేపటికి గోడల మీద నీళ్ళు కారాయి.

"సూసినారా! గాలికి చెమట పట్టినాది. లోపలి తడంతా కారిపోతంది!" అని పైడమ్మ మురిసిపోయింది. ఆ మురిపెంలో ఒక అప్పడం తీస్తే జేబురుమాలులా నాలుగు మడతలు పడింది.

టీచరు మళ్ళీ వచ్చి తల బాదుకుంది. "తలుపులు తీయండమ్మా! పులుసు ఆవిరీ, మీ ఊపిరిలో తేమా అన్నీ లోపలే ఉండిపోయాయి."

"మా ఊపిరా?" పైడమ్మకి దొంగ దొరికాడు. "ఒరే, ఎవ్వుడూ ఊపిరి వదలకండి!"

గౌరీసు కళ్ళు తేలేసేదాకా బిగబట్టాడు, అమ్మ మాట జవదాటడు పాపం. ఇలా కుదరదని తేలాక ముగ్గురూ పొయ్యి ఆర్పి, అప్పడాల్ని లోపల వదిలి, తలుపేసి, వానలోకొచ్చి నిలబడ్డారు.

అప్పుడే వియ్యాలవారు గొడుగులేసుకుని వచ్చారు. "ఇదేమిటి వదినగారూ, వానలో నిలబడ్డారు?" అంది వియ్యపురాలు.

"లోపల అప్పడాలున్నాయండి" అంది పైడమ్మ వణుకుతూ. "రండి, రండి. చెప్పులిక్కడ విడవండి. ఊపిరి కూడా ఇక్కడే పెట్టేసి లోపలికి రండి. భోంచేసి వెళ్ళేటప్పుడు పట్టుకెళ్దురు గాని."

వియ్యంకుడు విడిచిన చెప్పు మళ్ళీ తొడుక్కున్నాడు. ఇద్దరూ వచ్చిన దారినే గబగబా వెళ్ళిపోయారు.

పైడమ్మ ముఖం వెలిగిపోయింది. "పద్ధతి తెలిసిన మనుషులు! వీధిలో పెడితే ఎవరైనా ఎత్తుకుపోతారని, ఊపిరి ఇంటికాడ పెట్టి రాడానికి ఎల్తన్నారు. ఒరే గౌరీసూ, ఆకులెయ్యి!"